పోగు లేవని అంచు

నలభైమూడో తలుపు అంచు సగమైంది. ఆమె ఆకురాయిని ఏటవాలుగా ఆనించి, ఒళ్ళంతా ముందుకు వంచి ఒక్క తోపు తోసింది. వెనక్కి తెచ్చేటప్పుడు రేకుకు తగలనివ్వలేదు. ఎత్తి, మళ్ళీ ఆనించి, మళ్ళీ తోసింది. బీరువాల కార్ఖానాలో ఇరవైఆరేళ్ళుగా ఆమె పని ఇదే. రేకు కోసేవాళ్ళు వేరు, వంచేవాళ్ళు వేరు, రంగు వేసేవాళ్ళు వేరు. కోసిన అంచున సన్నని ముళ్ళు లేస్తాయి. వాటిని తీసేది ఆమె. అందుకే అందరికీ ఆకురాయమ్మ అయింది.

వేళ్ళ కొసలు ఎప్పుడో మొద్దుబారాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నడుముకు దోపుకున్న మల్లుగుడ్డ పీలిక తీసి అంచు వెంట నడిపింది. ముల్లు మిగిలితే గుడ్డ పట్టుకుని పోగు లేస్తుంది. ఎక్కడా లేవలేదు. తలుపు పక్కన పెట్టింది. బీరువా కొన్నవాళ్ళు ఆమెను తలుచుకోరు. చెయ్యి తెగితేనే కదా ఎవరికైనా అంచు గుర్తొచ్చేది!

మధ్యాహ్నం నుంచి సెలవు కావాలంటే మేస్త్రీ వింతగా చూశాడు.

"నీకు సెలవా? ఒంట్లో బాగాలేదా?"

"కాస్త ఆయాసంగానే ఉందిలే. అందుక్కాదు. మా అల్లుడికి పని నేర్పాలి."

"అయ్యో పాపం, ఏం తప్పు చేశాడు?"

దారంతా ఆమెకు నవ్వొస్తూనే ఉంది.

కూతురు పిల్లల పుస్తకాలకు కంప్యూటరు మీద బొమ్మలు వేస్తుంది. అది వేడెక్కి గంటకోసారి ఆగిపోతోంది. కంప్యూటరు పెట్టె పక్క రేకుకు కన్నం చేసి పెద్ద ఫ్యాను బిగిస్తానన్నాడు అల్లుడు. పాత పెట్టె, అలాంటి రేకు మళ్ళీ దొరకదు. అతను బడిలో లెక్కల మాస్టారు. పెళ్ళిలో తన చుట్టాలకీ, బడివాళ్ళకీ అత్తగారు కార్ఖానాలో సూపర్‌వైజరని చెప్పాడు. అది ఆమె చెవిన పడింది. ఆ మాట ఎనిమిదేళ్ళుగా లోపల ముల్లులా ఉండిపోయింది. తన చేతిపని ఏమిటో ఇవాళైనా అతనికి తెలియాలి.

ఆమె కూతురింటికి చేరేసరికే అల్లుడు వృత్తలేఖినితో రేకు మీద గీత గీసి, ఎరువు తెచ్చిన గ్రైండరు పట్టుకుని నిలబడ్డాడు.

"పది నిమిషాల పని, అత్తయ్యగారూ."

ఆమె గ్రైండరుకేసి తిరిగింది. "నీకేం తొందరమ్మా? రంగు కాల్చి, రేకు వంకర చేసి పెడతావు. పోయి వరండాలో కూర్చో."

ఫ్యాను తీసి గీత మీద పెట్టి చూసింది. "నువ్వు చెప్పవేమమ్మా ఫ్యానూ? ఇంత కన్నం కోస్తే నీ మరలు దేనికి బిగిస్తారు? గాలికా?"

కూతురు పకపకా నవ్వింది. "మిమ్మల్నేనండీ! అల్లుడుగారిని తిట్టలేక వస్తువుల్ని తిడుతోంది."

అల్లుడు చెవులు ఎర్రబడ్డాయి. గీత చెరిపి, మరలకు చోటు వదిలి, చిన్న వృత్తం గీశాడు.

లోపలి భాగాలన్నీ విప్పించి పక్క గదిలో పెట్టించింది. ఇనపరజను ఒక్క రవ్వ పడ్డా అవి పనికిరావు. రంగు గీసుకుపోకుండా రేకుకు రెండువైపులా గీత కనబడే పల్చటి టేపు అంటించింది. కదలకుండా చెక్కకు బిగించింది. గీతకు లోపలగా మేకుతో గాట్లు పెట్టి, ఒక్కో గాటు మీద చిన్న డ్రిల్లు నెమ్మదిగా దింపమంది. గాటు లేకపోతే డ్రిల్లు జారిపోతుంది. చిల్లుల మధ్య మిగిలిన రేకును సన్నపళ్ళ రంపంతో కోయించింది. బిళ్ళ ఊడి కింద పడింది. అల్లుడు చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది!"

"ఇప్పుడే మొదలైంది, బాబూ," అని ఆకురాయి చేతికిచ్చింది. "గుండ్రటివైపు ఆనించండి. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తండి. దీని పళ్ళు ముందుకే కొరుకుతాయి."

గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఊపిరి బరువుగా వస్తోంది. అల్లుడి ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆకురాయి ఆపకుండా మాట్లాడాడు.

"ఆఁ, హెడ్‌మాస్టారూ... పని నేర్చుకుంటున్నానండీ. మా అత్తగారి దగ్గర... కాదండీ, సూపర్‌వైజరు కాదు. నేనే తప్పు చెప్పాను. బీరువాల అంచులు తీస్తారు. ఇరవైఆరేళ్ళుగా. మీ ఆఫీసు బీరువా వాళ్ళ కార్ఖానాదే, అంచు ఒకసారి ముట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది."

ఆమె తల ఎత్తలేదు. మొద్దుబారిన రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని కాసేపు చూసుకుంది. తర్వాత నడుము నుంచి పీలిక తీసి చాచింది.

"ఇక మీరే నడపండి, బాబూ."

మొదటిసారి ఒకచోట గుడ్డ పట్టుకుని పోగు లేచింది. ఎవరూ చెప్పకుండానే అల్లుడు అక్కడ నాలుగు తోపులు తోశాడు. మళ్ళీ నడిపాడు. గుడ్డ నీళ్ళ మీద పోయినట్టు చుట్టూ తిరిగొచ్చింది.

"అత్తయ్యగారూ, పోగు లేవలేదు!"

ఆమె గడ్డం గుండెకు ఆనించి, చేతులు అలాగే తెరిచి కూర్చుని ఉంది. అల్లుడు ఇంకోసారి పిలిచాడు. కూతురు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకుని కుదిపింది. ఊపిరి ఆడడం లేదు.

ఇప్పుడు కంప్యూటరు ఆగడం లేదు. పెట్టె మీద మల్లుగుడ్డ పీలిక మడత పెట్టి ఉంటుంది. దానికి ఒక్కటే ఒక్క పోగు లేచి ఉంది, అల్లుడు మొదటిసారి నడిపినప్పటిది.