దొరికిందాకా కొట్టు

వడమాలపేటలో మునిప్రసాద్ ఇంటికి టీవీలు రెండు, కేబుల్ పెట్టె ఒకటి. పెట్టె ముందుగదిలో ఉంటుంది. దాని వెనక నుంచి తీగ లాగి, కిటికీ చువ్వల మీదుగా తిప్పి, వెనకగదిలో తన నాయన మంచం ఎదురుగా ఉన్న పాత టీవీకి తగిలించాడు. ముందుగదిలో ఏ బొమ్మ వస్తే వెనకగదిలోనూ అదే బొమ్మ. "ఇంకో పెట్టె దేనికప్పా దండగ? ఒక దెబ్బకు రెండు పిట్టలు" అని కేబుల్ అతని ముందే మీసం తిప్పాడు. నెట్టు కూడా ఆ కేబుల్ అతనే ఇచ్చాడు గానీ, నడిమి రాతిగోడ దాటి వెనకగదికి పోయేది కాదు. పోయినా ముసలాయనకు దానితో పనేముంది?

ముసలాయన పేరు మునిరామయ్య. పుత్తూరు రోడ్డులో లారీలకు పంక్చర్లు వేస్తూ, ఎదురొచ్చిన వాడినల్లా నోటితోనే ఉతికి ఆరేసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. ఎడమచేయి ఒక్కటే మిగిలింది. ఆ చేతికి కొడుకు ఒక స్టీలు గ్లాసు ఇచ్చాడు.

"నాయనా, ఛానల్ మార్చాలంటే దీంతో గోడకు కొట్టు. నీ కోడలు ఆ పక్కనుంచి మారుస్తా ఉంటాది. నీకు కావాల్సింది దొరికిందాకా కొట్టు, దొరికినాక ఆపు."

ఏర్పాటు బ్రహ్మాండంగా ఉందని చుట్టాలంతా మెచ్చుకున్నారు. దాహమైతే ఎట్లా, నొప్పి పుడితే ఎట్లా అని ఒక్కరూ అడగలేదు. అడగని వాళ్లలో కోడలు నందినీ ఉంది.

నందిని చెడ్డది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మామకు తినిపించడం, తుడవడం, పక్క మార్చడం అన్నీ ముఖం చిట్లించకుండా చేసింది. పగలంతా రెక్కలు ముక్కలు చేసుకుంటే, మధ్యాహ్నం సీరియల్ ఒక్కటే ఆమె సొంతం. సరిగ్గా అప్పుడే గోడ మోగేది. ఆయనకు పాత అరవ పాటలంటే ప్రాణం. పళ్లు కొరుక్కుంటూ మార్చేది.

ఆ రోజు సీరియల్లో, చచ్చిపోయిందనుకున్న అత్త తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. గోడ టంగుమంది.

"ఉండు మామా, రవంత సేపు!"

మళ్లీ కొట్టాడు. ఎప్పుడూ లేనంత గట్టిగా, వరసబెట్టి కొడుతున్నాడు. నందినికి ఒళ్లు మండింది. "కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు, ఈయనకు పాటొచ్చినా ఆగదు!" అని రిమోట్ తీసుకుంది. వార్తలు పెట్టింది. కొట్టాడు. వంటలు పెట్టింది. కొట్టాడు. కబడ్డీ వచ్చింది. కొట్టాడు గానీ, ఈసారి మెల్లగా. ఇంకొకటి నొక్కితే పాత తమిళ పాట వచ్చింది. గోడ ఆగిపోయింది.

"ఇదా నీకు కావాల్సింది!"

దాంతో కోపం పోయి జాలి కలిగింది. పాపం, మంచం పట్టిన మనిషికి ఇంకేముందిలే అనుకుని సౌండు కూడా పెంచింది. సీరియల్ వదులుకుని బట్టలు ఉతకడానికి పెరట్లోకి పోయింది. ఒక మంచి పని చేశానన్న తృప్తి కూడా ఉంది ఆమెకు.

కాఫీ తీసుకుని వెనకగదికి పోయేసరికి పాటలు ఇంకా మోగుతున్నాయి. మునిరామయ్య సగం మంచం మీద, సగం కింద ఉన్నాడు. ముఖం టీవీ వైపు లేదు, గోడ వైపు ఉంది. గోడకు సున్నం పెచ్చులు లేచి దుప్పటి మీద రాలాయి. గ్లాసు పిడికిట్లోనే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

చూడగానే అర్థమైంది. ఆయన కొట్టింది పాట కోసం కాదు, తనను పిలవడానికి. పిలిచిన ప్రతిసారీ తను ఛానల్ మార్చింది. ఆయన్ను మంచం మీదికి లాగింది. ముఖం టీవీ వైపు తిప్పింది. గ్లాసు విడిపించి అలమారలో పెట్టింది, పెచ్చులు దులిపింది. ఆ తర్వాతే గొల్లుమంది.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "పుణ్యాత్ముడబ్బా, ఇష్టమైన పాట వింటా పోయినాడు."

"మా నాయనకు ఆఖర్న కావాల్సింది పెట్టింది నా పెండ్లామే" అని మునిప్రసాద్ కనబడిన వాళ్లకల్లా చెప్పాడు. చెప్పినప్పుడల్లా నందిని తల వంచుకుంది. అది వినయమనుకున్నారు.

కర్మలు అయి చుట్టాలు వెళ్లిపోయాక, మునిప్రసాద్ నాయన్ను తలుచుకుని ముందుగదిలో అరవ పాటలు పెట్టుకున్నాడు. నందిని వెనకగది ఊడవడానికి పోయింది. అక్కడా అదే పాట. ఇక దాచుకోవడం తన వల్ల కాదనిపించింది. మొగుణ్ణి అక్కడికే పిలిచి చెప్పాలనుకుంది. అలమారలోని గ్లాసు తీసి, పెచ్చులూడిన చోటే గోడకు కొట్టింది.

మునిప్రసాద్ లేచి రాలేదు. నాయన ఉన్నప్పటి అలవాటుకొద్దీ చెయ్యి రిమోట్ మీదికి పోయినట్టుంది. ఆమె ఎదురుగా పాట పోయి వార్తలు వచ్చాయి.

మళ్లీ కొట్టింది. వంటలు వచ్చాయి.

"ఏం కావాల్నో నోటితో చెప్పొచ్చు గదమ్మే!" అని అవతలి నుంచి విసుక్కున్నాడు.

నందిని కొడుతూనే ఉంది.