నవీపేట్ మొదటి పేరు

రామ్‌దాస్ సైకిల్ స్టాండు వేస్తుండగానే బండ్ల వరుసలోంచి దగ్గు వినిపించింది. నవీపేట్ రాజమల్లు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు, చెరుకు బండి కిందనే గోనెపట్టా పరుచుకుని రోజుల తరబడి చలిలో పడి ఉన్నాడు.

"సారూ, మా ఊరోళ్లు కాంటా ఎక్కి పోతనే ఉన్నరు. నన్నింక పిలుస్తలేరు. చెరుకు ఎండుతున్నది."

"కంప్యూటర్ పిలుస్తది బాపూ. అది మన లెక్క మర్సిపోదు."

"గంతేనంటవా," అని ముసలాయన నమ్మేశాడు. రోజూలాగే ఒక చెరుకు కణుపు చెక్కి చేతిలో పెట్టాడు. ఆ ఊరి వాళ్లే ఇంకో ఇద్దరు విసిగి బండ్లు తిప్పుకుపోయారు. ఈయన మాత్రం కంప్యూటర్ మీద గౌరవంతో కదల్లేదు.

రామ్‌దాస్‌ది చెప్పుకోదగ్గ బతుకేం కాదు. గుమాస్తాగా చేరి, నిజామాబాద్‌లో కోర్సు చదివి, ఏసీ గదిలోకి వచ్చిపడ్డాడు. బండ్ల వంతు తేల్చే ప్రోగ్రాం అతనిదే. దాన్ని ఈమధ్యే మార్చాడు. కంపైల్ చేసినప్పుడల్లా, అంటే రాసింది యంత్రం భాషలోకి మార్చినప్పుడల్లా, తెర కింద వార్నింగులు వరుసకట్టేవి. ఎర్రర్ వస్తే పని ఆగుతుంది, వార్నింగ్ వస్తే ఆగదు. ఆగనిదాన్ని చదివే ఓపిక అతనికి ఏనాడూ లేదు. ఇంట్లో భార్య మాటలనూ అలాగే దాటేసేవాడు.

ఆ రోజు ఒక చేతిలో చెరుకు ఉండబట్టి, వార్నింగులు దాటేసే మీట నొక్కడం ఆలస్యమైంది. కళ్లు తెర మీద నిలిచాయి. ఏ విలువా ఇవ్వకముందే ఈ అంకెను వాడుతున్నావు, అంటోంది కంపైలర్.

పేర్లు లెక్కపెట్టే అంకె అది. ప్రతి ఊరికీ దాన్ని మళ్లీ సున్నా చేయడం మరిచాడు. ముందు ఊరి లెక్క అందులోనే మిగిలి, తర్వాతి ఊరి మొదటి పేర్లను మింగేస్తోంది. ఆ మాట కంపైలర్ ఇన్నాళ్లూ చెబుతూనే ఉంది! నోట్లో చెరుకు నోట్లోనే ఉండిపోయింది.

ఒక్క వరుస రాశాడు. మళ్లీ కంపైల్ చేస్తే తెర కింద ఏమీ లేదు. ప్రింటర్ గరగరలాడి కాగితం వదిలింది. నవీపేట్ కింద మొదటి పేరు రాజమల్లు. కాగితం తానే మైకు గదికి పట్టుకెళ్లాడు.

"నవీపేట్ రాజమల్లు, బండి కాంటా మీదికి తేవాలె!"

ముందు బండ్లు జరిగి దారిచ్చాయి. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచారు. రామ్‌దాస్ పరుగెత్తాడు.

పక్క బండి లింబయ్య గోనెపట్టా దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"దగ్గి దగ్గి ఊకున్నడు సారూ. పండుకున్నడేమో అనుకున్న. లేపితే లేస్తలేడు."

రామ్‌దాస్ వంగి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. పొద్దున తన మాట నమ్మిన మొహమే అది. అక్కడే కూలబడ్డాడు.

"పేరొచ్చింది బాపూ," అన్నాడు పిచ్చివాడిలా. "లే, నీ పేరొచ్చింది."

మైకు ఇంకా పిలుస్తూనే ఉంది. బండి కాడి మీద, రేపు రామ్‌దాస్‌కు ఇవ్వడానికి ముసలాయన చెక్కిపెట్టిన చెరుకు కణుపు తడిగుడ్డలో చుట్టి ఉంది.