తాళాలాయన మిషన్

తాళాలాయన దివాలా తీశాడంటే వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇరుకు కొట్లో తాళంచెవులు కోసుకుంటూ నిక్షేపంలా బతికే మనిషి, ఎవరో భుజం తట్టారని అప్పుచేసి అద్దాల షోరూమ్ పెట్టాడు. చివరికి దానికి బ్యాంకువాళ్లే తాళం వేశారు. మిగిలింది చెవులు కోసే మిషన్ ఒక్కటే. అదుంటే ఏ మెట్లకిందో కూర్చుని మళ్లీ పొట్టపోసుకోవచ్చు. అదీ పోతే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

కోర్టులో దివాలా అర్జీ పెట్టే ముందు తోడల్లుణ్ణి సలహా అడిగాడు. నిజానికి అడగక్కర్లేదు, ఆయన అడక్కపోయినా ఇస్తాడు. భార్యకి అక్క మొగుడైన ఈ పెద్దమనిషికి తెలియని విషయమంటూ లేదు. సొంతంగా ఒక్క పని చేసినట్టు మాత్రం ఎవరూ చూడలేదు.

"పిచ్చి తమ్ముడూ, నీ పేరుమీద గుండుసూది కనపడ్డా ఎత్తుకుపోతారు. మిషన్ నాకు అమ్మేసినట్టు కాగితం రాసెయ్. మా ముందుగదిలో పడుంటుంది. గొడవ సద్దుమణిగాక పట్టుకుపో."

"ముందు లాయరమ్మని ఓ మాట అడుగుదామండీ," అంది భార్య. "మా బావ సంగతి మీకు తెలీదా?"

"ఆవిడకి ఫీజు కావాలి. మీ బావకి మనం కావాలి."

మనుషుల్ని అంచనా వెయ్యడంలో తాళాలాయన తెలివి అంతవరకే. కాగితం రాసేశాడు.

లాయరమ్మ మొదటిరోజే కళ్లద్దాలు పైకి తోసుకుని గట్టిగా చెప్పింది. "ఉన్నవన్నీ చెప్పండి. ఈమధ్య అమ్మినవీ, చుట్టాలకిచ్చినవీ కూడా. దాస్తే మీకే నష్టం."

"కట్టుబట్టలు తప్ప దాచడానికి ఏముందమ్మా?"

"పనిముట్లు?"

"రెండు ఆకురాళ్లు," అన్నాడు, కన్నార్పకుండా. ఆ పూట తన చాకచక్యానికి తానే మురిసిపోయాడు.

తోడల్లుడు మాత్రం చేతికొచ్చిన మిషన్‌ని ఊరికే ఉంచుతాడా? ముందుగది గోడకి బోర్డు తగిలించాడు. సాయంత్రాలు తాళాలాయన్నే కూర్చోబెట్టి చెవులు కోయిస్తూ, వచ్చినదాంట్లో సగం నొక్కేశాడు. ఒకనాడు ఆఫీసు బీరువా తాళంచెవి పోగొట్టుకున్న ఒకాయన ఆ బోర్డు చూసి లోపలికొచ్చాడు. తాళాలాయన తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు. వచ్చినవాడు అతని ఆస్తుల లెక్క తేల్చమని కోర్టు నియమించిన అధికారి.

"ఈ మిషన్ ఎవరిది?" అన్నాడాయన, తాపీగా.

"నాకేం తెలీదు బాబూ!" అని తోడల్లుడు రెండు చేతులూ ఎత్తేశాడు. "దాచిపెట్టమని వీడే కాళ్లావేళ్లా పడ్డాడు."

దొంగ అమ్మకం చెల్లదన్నారు. మిషన్‌ని వేలానికి పెట్టారు. ఆస్తి దాచినందుకు అప్పులు కొట్టెయ్యమన్న అర్జీ కూడా కొట్టేశారు. తాళాలాయన లాయరమ్మ గదిలో కుప్పకూలిపోయాడు. ఏడుపు ఆగలేదు.

"మీ పేరుమీదే ఉంచి చెప్పుంటే దాన్నెవరూ ముట్టుకునేవారు కాదు," అందావిడ. "పొట్టకూటికి వాడుకునే పనిముట్టుని చట్టమే వదిలేస్తుంది. దాచారు కాబట్టి ఆ వెసులుబాటు పోయింది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"మీకు మిషనే లేదన్నారుగా. లేని మిషన్‌ని వదిలేస్తారని ఎలా చెప్పను?"

తాళాలాయన ఇంటికొచ్చి గోడకి చేరబడ్డాడు. భార్య అన్నం కంచం ముందుపెట్టి లోపలికెళ్లిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది.

వేలంలో మిషన్‌ని కారుచవకగా కొన్నది తోడల్లుడే. ఆ సాయంత్రమే గుమ్మంలోకొచ్చి, ఏమీ జరగనట్టు ఇకిలించాడు.

"బాధపడకు తమ్ముడూ, వస్తువు మన ఇంట్లోనే ఉందిగా. ఈసారి సగం వాటా కుదరదు, నెలజీతం ఇస్తాను. అదీ చేతికే ఇస్తాను, అప్పులవాళ్ల కంటపడకుండా."

లోపల్నుంచి గిన్నె విసిరికొట్టిన చప్పుడైంది. తాళాలాయన అటు చూడలేదు. నేలచూపులు చూస్తూ అడిగాడు.

"ఎన్నింటికి రమ్మంటావు అన్నయ్యా?"