నేల మీద రాలిన సూర్యుళ్ళు

నేను ఒక బూందీ గరిటను. కావలిలో ఒక కమ్మరి ఇనుప రేకును గుండ్రంగా కోసి, ఒళ్ళంతా చిల్లులు పొడిచి నన్ను తయారుచేశాడు. ఏ వస్తువుకైనా చిల్లి పడితే మనుషులు పారేస్తారు. నన్ను మాత్రం చిల్లుల కోసమే కొన్నారు. మొదట ఒక పెళ్ళిళ్ళ వంటాయన చేతిలో ఊళ్ళు తిరిగాను. ఆయన వంటలు మానేశాక శేషారత్నమ్మ ఇంటికి చేరాను. సంతోషం వస్తే తప్ప మనుషులకు నేను గుర్తురాను కాబట్టి, నేను చూసినవన్నీ మంచి రోజులే.

ఈ ఇంటికి కొత్తగా వచ్చిన సంతోషం పేరు సింధుజ. శేషారత్నమ్మ కొడుకు మాల్యాద్రిని పెళ్ళాడి ఇంకా నెల కాలేదు. పాలు పొంగిపోయినా నవ్వే పిల్ల. ఆ డిసెంబరులో సూర్యగ్రహణం వస్తోందని తెలిసి, మేడ మీద పక్కపక్కన నిలబడి చూడాలని మొగుడూ పెళ్ళాలు గ్రహణం కళ్ళద్దాలు తెప్పించుకున్నారు.

అంతలో పంచాంగం అడ్డొచ్చింది. గ్రహణం మూలా నక్షత్రంలో. సింధుజదీ అదే నక్షత్రం.

"ఏ గ్రహణమొచ్చినా మా నాయనమ్మ నన్ను గదిలో పెట్టేది అత్తా. ఈసారన్నా చూడనీ."

"నీ నక్షత్రంలోనే పడితే ఎట్ట చూస్తావమ్మా? చూడబాక. నేనూ నీతోనే కూర్చుంటాలే."

ఆ ఉదయం పచ్చడి జాడీల మీద దర్భలు వెలిశాయి, పొయ్యి చల్లబడింది. "నీ వాటా కూడా నేనే చూసొస్తా" అని మాల్యాద్రి మేడెక్కాడు. అతని వీపు మీద దిండు పడింది. శేషారత్నమ్మ గది తలుపు మూసి కోడలి పక్కన కూర్చుంది. ముందురోజు లడ్డూలు చేసి కడిగిన నన్ను ఆ గది కిటికీ ఊచకే తగిలించారు. కాసేపటికి గాలాడటం లేదని సింధుజ కిటికీ తెరిచింది. ఎండ నాలోంచి దూరి నేల మీద పడింది.

శేషారత్నమ్మ ఉలిక్కిపడింది. "ఏందమ్మాయ్ అవి? గోళ్ళు కత్తిరించి పోసినట్టుండాయే!"

సింధుజ వంగి చూసి కేక పెట్టింది. "అత్తా, అవన్నీ సూర్యుడే! ఒక్కో చిల్లూ ఒక్కో సూర్యుణ్ణి దించుతోంది. ఆ కొరికేసిన మేరంతా చంద్రుడు!"

అత్తగారి చెయ్యి కిటికీ రెక్క మీదికి వెళ్ళింది. "అంటే, ఇది చూసినా గ్రహణం చూసినట్టేనా?"

కాదంటే సరిపోయేది. సింధుజ అబద్ధమాడలేదు. "చూసినట్టే అత్తా" అంది, నేల మీంచి చూపు తిప్పకుండా.

రెక్క సగం మూసుకుంది. నేల మీద సగం సూర్యుళ్ళు ఆరిపోయారు. శేషారత్నమ్మ కోడలి మొహం చూసింది, నేల చూసింది, ఆగిపోయింది.

"సూర్యుడు పైనుంటే మనం ఇట్ట నేల చూపులు చూస్తా ఉండాం. ఇది చూసినట్టెట్టవుద్దే? ఊరికే చదువుకున్నావు!" అని రెక్క బార్లా తీసింది.

ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు.

"మరి ప్రతి అమావాస్యకీ ఎందుకు రాదు?"

"చంద్రుడి దారి కాస్త వాలుగా ఉంటుందత్తా. చాలాసార్లు సూర్యుడికి పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. సూటిగా అడ్డమొచ్చిన అమావాస్యకే గ్రహణం. అదీ ఆ నీడ పడిన ఊళ్ళకే."

మెడ రుద్దుకుంటూ దిగివచ్చిన మాల్యాద్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నీకు పైన ఒక్కడేరా. మాకు గదంతా ఉండారు" అంది తల్లి. అతను వచ్చి సింధుజ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"మళ్ళా ఎప్పుడంట?" అంది శేషారత్నమ్మ, ఏమీ పట్టనట్టు.

"జూన్ ఇరవై ఒకటి. మన వైపు ఇంత కనబడదు గానీ, కనబడుతుంది."

ఆమె వేళ్ళ మీద లెక్కేసి తెల్లబోయింది. "ఆరుద్ర కార్తె వేళకా? నాది ఆరుద్రే గదే!"

"చూడబాకత్తా" అంది సింధుజ గంభీరంగా. "నేనూ నీతోనే కూర్చుంటాలే."

శేషారత్నమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "గరిటను మాత్రం ఇక్కణ్ణుంచి ఎవరూ తియ్యబాకండి" అని హుకుం జారీ చేసింది.

జూన్ దాకా ఈ ఇంట్లో లడ్డూలు ఎలా చేస్తారో వాళ్ళెవరికీ తట్టలేదు. నేనూ గుర్తు చేయలేదు.