ఒక్క కడుపు, రెండు బుర్రలు

మా అన్నయ్యా నేనూ కవలలం. కాస్త ముందు పుట్టాడు కాబట్టి అన్నయ్య. ఆ కాస్తకే ఈ వయసుదాకా నామీద పెత్తనం చేశాడు. మా అమ్మకొక పద్ధతి ఉండేది. ఒకరికి జ్వరం వస్తే ఇద్దరికీ మందు పోసేది. "ఒక్క కడుపున పడ్డవాళ్లు. వాడికొచ్చింది దానికి రాకుండా పోతుందా" అనేది. వాడు గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటే నా చేతికీ నూనె రాసి గుడ్డ చుట్టింది. బళ్లో అందరూ నన్నే చూసి నవ్వారు. నేను వెళ్లిన నాలుగు రోజుల బడిలో బాగా గుర్తున్నది ఆ నవ్వొకటే.

అన్నయ్య స్కూలు వ్యాను డ్రైవరు. మొన్నామధ్య ఒక పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని తిన్నగా పాత బడి గేటు ముందు ఆపాడు. ఆ బడి అక్కణ్ణుంచి మారిపోయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడక్కడ టైర్ల గోడౌను ఉంది. ఇవాళ సెలవనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. వ్యాను ఓనరు మాత్రం కొట్టలేదు.

"పెద్దాయనా, నీ చేతిమీద నాకు నమ్మకమే. కానీ ఓసారి తల చూపించుకుని రా. డాక్టరు సరేననేదాకా తాళం నా దగ్గరుంటుంది" అన్నాడు.

స్టీరింగు లేకపోతే అన్నయ్యకి చేతులు లేనట్టే. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, తినేవాడు కాదు.

సరిగ్గా అప్పుడే మా మనవరాలు మా ఇద్దర్నీ రమ్మంది. అది మెదడు స్కానింగుల దగ్గర పరిశోధన చేస్తుంది. వయసు మళ్లిన ఆడవాళ్ల మెదళ్లనీ మగవాళ్ల మెదళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తున్నారట. "ముందు నువ్వెళ్లి రా" అన్నాడు అన్నయ్య. వెళ్లాను. గొట్టంలాంటి మిషన్లో పడుకోబెట్టారు. పక్కింట్లో గిన్నెలకి సొట్టలు తీస్తున్నట్టు ఒకటే మోత. బయటికొచ్చాక మనవరాలు కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మమ్మా, మెదడులో సన్నటి రక్తనాళాలుంటాయి. వాటి గోడలు మిగతా ఒంట్లోలా కాదు, చాలా బిగుతుగా అతుక్కుని ఉంటాయి. కావలసినదాన్ని లోపలికి పంపిస్తాయి, చెరుపు చేసేదాన్ని రక్తంలోనే ఆపేస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ అతుకులు కొంచెం వదులవుతాయి. నీవింకా గట్టిగానే ఉన్నాయి."

"ఎవర్ని నట్టింట్లోకి పిలవాలో, ఎవర్ని వాకిట్లోంచే పంపెయ్యాలో తెలిసిన ఇల్లాలన్నమాట."

"దాదాపు అంతే."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పానో లేదో, అన్నయ్య చొక్కా తగిలించుకుని ఓనరు దగ్గరికి వెళ్లాడు. చెల్లెలికి స్కానింగు తీశారు, బాగుంది, మేం కవలలం, ఇంక నాకు తియ్యడం దండగ అని చెప్పి వచ్చాడు. ఓనరు తల గోక్కుని, ఆ మాటే మీ మనవరాలి చేత ఫోన్లో చెప్పించు, సోమవారం ఎక్కుదువుగాని అన్నాడట. ఆ సాయంత్రమే మనవరాలు మా ఇంటికొస్తే ఫోను తెచ్చి దాని చేతిలో పెట్టాడు.

"చెప్పమ్మా. ఒక్క ముక్క."

"అమ్మమ్మ స్కాను నీకు పనికిరాదు తాతయ్యా. వయసొకటే అయినా ఆడవాళ్లలో ఆ గోడ వదులయ్యే తీరు వేరు, మగవాళ్లలో వేరు. నెలసరి ఉన్నన్నాళ్లు ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోను దానికి కొంత కాపు కాస్తుందంటారు. అది తగ్గాక ఏమవుతుంది, మగవాళ్లలో ముందు ఎక్కడ వదులవుతుంది, ఇవన్నీ ఇంకా చూస్తున్నాం."

"అంటే మీ అమ్మమ్మకి గోడ, నాకు దడీనా?"

"చూస్తేనే కదా తెలిసేది."

అన్నయ్య నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే దానికి. నీకు బాగుంటే నాకు బాగున్నట్టే కదా."

ఔననే మాట నోటిదాకా వచ్చింది. అలా అంటే వాడు ఆ పూట కడుపునిండా తింటాడు. కానీ వ్యానులో వెనకసీటు పిల్లలు కళ్లముందు మెదిలారు.

"ఒక్క కడుపునే పుట్టాం అన్నయ్యా. మరి నీ గడ్డం నాకు రాలేదేం? నా జడ నీకేది?"

"జడ దాకా ఎందుకు, వెంట్రుకే లేదు" అని గుండు తడుముకున్నాడు. మనవరాలు నవ్వింది, వాడు నవ్వలేదు. దాని చేతిలోంచి ఫోను తీసుకుని, "లోపల బాగోలేదని తేలితే?" అన్నాడు.

"తేలకపోతే బాగుపడుతుందా? నువ్వొక్కడివే అయితే నేనిలా అనను. పిల్లలుంటారు."

మర్నాడు తనే చెప్పులేసుకుని స్కానింగుకి బయల్దేరాడు.

వాడి అతుకులు ఒకచోట నావాటికంటే వదులుగా ఉన్నాయట. దీన్నొక్కదాన్ని పట్టుకుని మతిమరుపని చెప్పలేమని మనవరాలు వాణ్ణి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన బీపీ చూశాడు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాడు, ఏవేవో అడిగాడు. బీపీ బాగా ఎక్కువుంది. దానికి మాత్రలిచ్చి, రోజూ నడవమని, బండి మాత్రం వద్దన్నాడు.

"ఎప్పటిదాకా?" అన్నాడు అన్నయ్య.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అన్నయ్య మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే మా మెట్లమీద కూర్చుంటాడు. వ్యాను మా వీధిలోంచే వెళ్తుంది. కొత్త డ్రైవరు కుర్రవాడు. "ఇంకా రెండో గేరులోనే లాగుతున్నాడు" అని గొణుగుతాడు. నిన్న ఉండబట్టలేక లేచి రోడ్డు మధ్యకి వెళ్లి చెయ్యెత్తాడు. వ్యాను ఆగింది. కిటికీలోకి వంగి ఏదో చెప్పాడు. లోపల్నుంచి పిల్లలు తాతా తాతా అని కేకలు పెట్టారు. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గేరు సంగతి చెప్పావా?"

"గేరుదేముంది, వాడే నేర్చుకుంటాడు. వంతెన దిగేటప్పుడు మెల్లగా పోనివ్వమన్నాను. రెండు జడల పిల్లకి అక్కడ వాంతవుతుంది."