పెద్దరోగం గాదు

కిష్టవ్వ చేతులు మోచేతుల దాకా కమిలిపోయినయి. జొన్నకోతల ఎండకు మాడినయనుకున్నది. కోతలైపోయినా నలుపు తగ్గలే. తోలు పగిలి పొలుసులు లేచింది, మెడచుట్టూ కంటె పెట్టినట్టు నల్లగ దిగింది. నోరు పూసి కారం ముట్టనియ్యలే, కడుపు నిలువలే. ఊరంతా కుష్టు, పెద్దరోగమన్నరు. బాయికాడికి రానియ్యలే. అత్త పోచవ్వ సుత కంచం వేరు చేసి, పడక కొట్టంలకు మార్చింది.

పెనిమిటి దుబ్బయ్య దొర దగ్గర జీతముండె. లడాయి కాలం. పండిన వడ్లు, పప్పులు సర్కారోళ్లు లేవీ కింద గుంజుకపోంగ, ఏండ్ల సంది వాళ్లింట్ల జొన్న గట్క, మిరపకారమే. ఉన్నదాంట్ల బిడ్డకు, మొగనికి పెట్టి, అడుగున మిగిలింది తను తినేది కిష్టవ్వ.

బండి ఎవలూ ఇయ్యకపోతే దుబ్బయ్య ఆమెను వీపున మోసుకొని సిద్దిపేట దవాఖానకు పోయిండు. డాక్టర్ సాబు ఆమెను కండ్లు మూసుకొమ్మని, నల్లబడ్డ తోలు మీద సూదిమొనతోని తాకిండు. తాకిన జాగనల్లా కిష్టవ్వ చెప్పింది. పెద్దరోగమైతే సూది తెలువదన్నడు. ఏం తింటున్నరని అడిగిండు. జొన్న గట్క, కారమని దుబ్బయ్య చెప్పిండు.

“ఉత్త జొన్నలే తింటే ఒంటికి కావాల్సిన సత్తువ ఒకటి అందదు. గందుకే తోలు గిట్లయింది. ముదిరితే మతి గూడ పోతది. పాలు, మాంసం, పల్లీలు పెట్టు,” అన్నడు. దానికి గోలీలున్నయి గాని, లడాయి మూలాన వస్తలేవట.

దుబ్బయ్యకు ఏడుపొచ్చింది. రోజూ పొద్దున దొర బర్లను పిండేది తనే.

దొరసానిని అడిగితే పల్చటి సల్ల పోసింది. మళ్లా అడుగలే. పిండేటప్పుడు ఇన్ని పాలు ముంతల దాచి తెచ్చుడు మొదలువెట్టిండు. కిష్టవ్వ కడుపు కుదుటపడ్డది, నోటిపూత మానింది. ఒకనాడు లేచి కూసోని బిడ్డ బాలలక్ష్మికి తల దువ్వింది. దుబ్బయ్య పనికి పోవుడు మరిచి వాకిట్లనే నిలవడ్డడు.

పాలు తగ్గినయని దొర కాపు పెట్టిండు. ముంతతోని దొరికిన దుబ్బయ్యను గుంజకు కట్టేసి కొట్టిన్రు, బర్లకాడికి రావద్దని బాయిమీద మోట కొట్ట తోలిన్రు.

వానలు పడేసరికి కిష్టవ్వ మతి తప్పింది. బాలలక్ష్మిని చూసి, “ఈ పోరి ఎవలింటిది అత్తా? ఆకలైతున్నట్టుంది. నా గట్క దీనికి పెట్టు,” అన్నది. పోచవ్వ కొట్టంలకు పోయి కోడలిని పట్టుకొని ఏడ్చింది.

తెల్లారి దుబ్బయ్య జీతం ఇడిచిపెట్టి, భార్యను మళ్లా వీపునెత్తుకొని ధూళిమిట్టకు నడిచిండు. అక్కడ బామ్మర్ది సిద్ధయ్యకు మేకలున్నయి. సిద్ధయ్య మేకపాలు కాచి అక్క నోట్లె గంటెతోని పోసిండు. పోసినయి పోసినట్టే పెదవుల పొంటి కారినయి. ఆ పొద్దు దాటకముందే ఆమె పానం పోయింది.

పీనుగకు స్నానం చేపియ్య ఆడోళ్లు ముందుకు రాలే. పెద్దరోగం గాదని దుబ్బయ్య ఒక్కొక్కలకు చెప్పిండు. సూది సంగతి, డాక్టర్ చెప్పిన మాట, అన్నీ చెప్పిండు. తలలు వంచుకున్నరు గాని కదలలే. ఆఖరికి సిద్ధయ్య పెండ్లాం కనకవ్వ కొంగు నడుముకు చెక్కి, నీళ్ల కాగు ఎత్తుకొచ్చింది.

“అన్నా, నువ్వు నీళ్లు పొయ్యి. నేను రుద్దుత,” అన్నది.

దుబ్బయ్య చెంబు ముంచిండు.