రెండు వరసల కుట్టు

కంటి ఆపరేషన్ అయిన అయిదో రోజున, తండ్రిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళడానికి ధీరెన్ ఇంట్లో ఉన్న పాత పచ్చ కారు తెచ్చాడు. రామసామి ఎడమకంటి మీద ఇంకా తెల్లటి పట్టీ ఉంది. తలుపు పట్టుకుని నెమ్మదిగా ఎక్కాడు. కూర్చోగానే, ఎప్పటిలాగే, అతని బొటనవేలు సీటు అంచు వెంబడి నడిచింది. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు సీట్ల కుట్లు తనిఖీ చేసిన వేలు అది. కళ్ళకంటే దానికే ఎక్కువ తెలుసు.

వేలి కింద సన్నటి తాడులాంటిది గుండ్రంగా తగిలింది.

"ఇదేటిది?"

"సర్‌ప్రైజ్, నాయినా!" ధీరెన్ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "కొత్త కవర్లు. కిస్టెన్ తన గరాజ్‌లో నాలుగు రోజులు కూర్చుని కుట్టాడు. అంచున ఆ తాడు, పైపింగ్ సూడు, పాత కార్ల పుస్తకంలో ఉన్నట్టే, సేమ్ టు సేమ్. పోయినేడు నార్త్‌డేల్ పాత కార్ల షోలో ఆ జడ్జి యేమన్నాడో తెలుసా? అరవై అయిదు మోడల్‌కి పైపింగ్ ఉండాలి, ఇది యెవరో ఇంట్లో కుట్టుకున్న సీటు అన్నాడు. నాలుగు మార్కులు పీకేశాడు, మాన్! ఎల్లుండి అనమను ఆ మాట."

ఫిబ్రవరిలో తల్లి పోయాక వాడు ఇంత హుషారుగా మాట్లాడింది లేదు. రామసామి "బాగుందిరా" అన్నాడు. తాముండే చాట్స్‌వర్త్ వచ్చేదాకా చెయ్యి ఒళ్ళోంచి తీయలేదు. ఇంటి వీధి మలుపులో మాత్రం అడిగాడు.

"పాతవి యేవి?"

"కిస్టెన్ గరాజ్‌లో పడున్నాయి. చెత్త బండి సోమవారం గదా."

భార్య సరస్, అతనూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆమెది కుట్టు విభాగం, రోజుకూలి. పుస్తకాలు రాసేవాళ్ళు అరవై అయిదు మోడల్ అంటే ఏడాది పొడుగునా ఒకటే కారు అనుకుంటారు. లైను మీద అలా ఉండదు. ఒక సామాను అయిపోయిన రోజున ఇంకో సామాను మొదలవుతుంది. ఆ ఏడాది మార్చిలో స్టీరింగ్ మీది హారన్ రింగు సగమైపోయింది. జూన్‌లో నంబరు ప్లేటు దగ్గర రెండు బల్బులు ఒకటయ్యాయి. ఆగస్టులో, ఖర్చు తగ్గించాలని, సీట్లకి పైపింగ్ ఆపేశారు. పైపింగ్ లేని కుట్టు మనిషి బరువుకి చిట్లిపోతుంటే ఫోర్‌మన్ ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి తిట్టాడు.

ఆ ఆదివారం సరస్ వంటింట్లో చేతి మిషను ముందు రెక్సిన్ ముక్కలు పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద కూర మాడింది. సాయంత్రానికి ఒక ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. అంచులు రెండూ ఒకవైపుకి మడిచి, పైన దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టింది. "లాగు. నీ బలమంతా పెట్టి లాగు," అంది. అతను లాగాడు. ఊడలేదు.

ఫ్యాక్టరీలో సలహాలు రాసే కాగితం నెలజీతం మగవాళ్ళకే ఇచ్చేవారు. రామసామి అందులో ఆ కుట్టు సంగతి రాసి, కింద తన పేరు రాశాడు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాడు. నెల తిరక్కుండా అతనికి ఇన్‌స్పెక్టర్ తెల్లకోటు వచ్చింది. బహుమతిగా గోడ గడియారం కూడా వచ్చింది. దాని ఇత్తడి రేకు మీద తారీఖు, అతని పేరు, 'కొత్త సీటు కుట్టుకు' అన్న మాటలు చెక్కి ఉన్నాయి. ఇక నిజం చెబితే కోటు పోతుంది. ప్రతి ఆదివారం సరస్ తనే ఆ గడియారానికి కీ ఇచ్చేది. ఫ్యాక్టరీలో ఆమె కుట్టిన సీట్లని అతనే తనిఖీ చేసేవాడు. రెండుసార్లు తిప్పి పంపాడు కూడా. ఆ రెండు రోజులూ ఇంట్లో పప్పులో ఉప్పు లేదు.

జనవరిలో కొత్త మోడల్ వచ్చింది, దానికి అచ్చు పోసిన సీట్లు. రెండు వరసల కుట్టు బతికింది అయిదు నెలలే. ఎనిమిదేళ్ళ తర్వాత ఆషర్‌విల్‌లో ఒక టీచరు ఈ పచ్చ కారు అమ్ముతున్నాడంటే, రామసామి వెళ్ళి ఇంజను మూత కూడా ఎత్తకుండా, సీటు మీద రెండు వరసల కుట్టు తడిమి కొన్నాడు.

మొన్న ఫిబ్రవరిలో ఆసుపత్రికి తీసుకెళుతుంటే సరస్ వెనక సీట్లో పడుకుని ఆ కుట్టు మీద చెయ్యి వేసింది.

"ఇంకా ఇడలేదు సూడు," అంది.

"ఇది నీ కుట్టని పిల్లోడికి సెప్తానే."

"సెప్పు. నే పోయాకయినా సెప్పు."

ఆమె పోయి నాలుగు నెలలయింది. ఏప్రిల్‌లో, అన్ని రంగుల వాళ్ళకీ మొదటిసారి ఓటు వచ్చి ఊరంతా బారులు తీరిన రోజున, ఆమె ఓటు కోసం ముందే తీయించిన గుర్తింపు పుస్తకం అతని జేబులో ఉంది. పక్కనే ధీరెన్ నిలబడ్డాడు. ఆ రోజూ చెప్పలేదు. సీటు ఉందిగా, చూపించి చెబుదామనుకున్నాడు.

మర్నాడు ఉదయమే కిస్టెన్ గరాజ్‌కి నడిచి వెళ్ళాడు.

"రా అన్నా, రా! ఒంటికన్ను దొంగోడిలా వచ్చావు," అన్నాడు కిస్టెన్ కుట్టు మిషను ఆపి. పాత కవర్లు అడగ్గానే మూలనున్న అట్టపెట్టె కాలితో ముందుకి తోశాడు. "కొలతకి ఉంచాను. ఇంక పనిలేదులే, పట్టుకుపో."

పెట్టెలో పచ్చ రెక్సిన్ ముక్కలు విడివిడిగా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రామసామి ఒకటి తీసి అంచు తడిమాడు. దారం లేదు. సన్నటి రంధ్రాలు మాత్రం రెండు వరసలుగా ఉన్నాయి.

"కుట్లు ఇప్పితేనేగదా అన్నా ముక్క యెంతో తెలిసేది. కానీ ఒట్టు, ఇప్పడానికే ఒక రోజు పోయింది. రెండు బ్లేళ్ళు ఇరిగాయి. యెవుడు కుట్టాడో యెదవ, కారు మట్టిలో కలిసినా సీటు ఊడకూడదని కుట్టాడు."

"యెవుడూ కాదు," అన్నాడు రామసామి. "మీ సరసక్క."

కిస్టెన్ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు. "ముందే సెప్పాల్సింది గదా అన్నా," అన్నాడు.

ఆదివారం నార్త్‌డేల్‌లో స్కూలు మైదానం నిండా పాత కార్లు. పోయినేటి జడ్జి, నీలం టై కట్టుకున్న తెల్లాయన, పచ్చ కారు తలుపు తెరిచి, సీట్లు చూసి, తృప్తిగా తలాడించాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు.

"ఇప్పుడే తప్పండి," అన్నాడు రామసామి ఇంగ్లీషులో.

ధీరెన్ ఆశ్చర్యంగా తిరిగి చూశాడు. రామసామి ప్లాస్టిక్ సంచీలోంచి ముక్కలు తీసి బానెట్ మీద పరిచాడు. ఆగస్టులో పైపింగ్ ఆపిన సంగతీ, రెండు వరసల కుట్టు సంగతీ చెప్పాడు. జడ్జి చెడ్డవాడు కాదు. కళ్ళద్దాలు మార్చుకుని వంగి చూశాడు.

"రంధ్రాలు కనబడుతున్నాయి. కానీ రంధ్రాలు ఎవరు ఎప్పుడు చేసినవో ఎలా తెలుస్తుంది? ఈ కుట్టు ఉన్న సీటు ఎక్కడైనా ఉందా?"

"మంగళవారం దాకా ఉంది."

"పోనీ, రాతపూర్వకంగా ఏదైనా?"

"క్లాక్!" ధీరెన్ ఎగిరినంత పని చేశాడు. "నాయినా, మనింట్లో క్లాక్ ఉంది గదా! కంపెనీ ఇచ్చింది సర్, డేట్ ఉంది, మా నాయిన పేరుంది. ఆ కుట్టు మా నాయినదే!"

జడ్జి ముఖం విప్పారింది. "అది చాలు. పుస్తకం మళ్ళీ అచ్చయ్యేటప్పుడు మీ పేరుతో సహా చేరుస్తాం." నోటుబుక్కు తెరిచి కలం తీశాడు.

"నా పేరు కాదు," అన్నాడు రామసామి. "కుట్టు నా భార్యది. సరస్. కాగితం మీద నా పేరు నేనే రాసుకున్నాను."

కలం ఆగింది. "దానికి ఆధారం ఉందా?" అని జడ్జి మర్యాదగానే అడిగాడు.

రామసామి ముక్కలు మళ్ళీ సంచీలో పెట్టాడు. "లేదు. అయితే ఏమీ రాయకండి," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సగం దారి అయింది. ధీరెన్ రోడ్డు మీదే కళ్ళు పెట్టి అన్నాడు.

"అమ్మ కుర్చీ యెక్కి ఆ క్లాక్‌కి కీ ఇచ్చేది. ఎవ్రీ సండే."

"ఊఁ."

"నువ్వు కిందే కూర్చుని పేపర్ చదివేవాడివి."



ఇంటికి వెళ్ళకుండా ధీరెన్ కారు తిన్నగా కిస్టెన్ గరాజ్ ముందు ఆపాడు. సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. "ఈ పైపింగ్ పీకేయ్. ఇవే ముక్కలు, ఇవే రంధ్రాలు. మా అమ్మ కుట్టినట్టే కుట్టు. మార్కులు పోతే పోనీ."

కిస్టెన్ ముక్కలు వెలుతురుకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కుడతాను. కానీ యే వరస ముందు కుట్టింది? పైదా, కిందదా? పాత రెక్సిన్ ఇది, తప్పు వరస ముందు లాగితే ముడత పడి చీరుకుపోద్ది. రెండో చాన్స్ లేదు." రామసామి వైపు తిరిగాడు. "నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి గదా అన్నా, నువ్వు సెప్పు."

అంగుళానికి తొమ్మిది కుట్లని రామసామికి తెలుసు. వరసల మధ్య ఎంత ఎడముందో వేలు చెబుతుంది. దారం పేరు, నంబరు ఇప్పటికీ గుర్తే. ఆ ఆదివారం వంటింట్లో మిషను ఆగి ఆగి నడవడం, కూర మాడిన వాసన కూడా గుర్తే. ముందు గదిలోంచి తను అడిగింది ఒకటే, అన్నం ఎప్పుడని.

అతను ముక్క అందుకుని బొటనవేలు పై వరస మీద నడిపాడు. తర్వాత కింది వరస మీద. మళ్ళీ పై వరస.

"తెలీదురా," అన్నాడు. "యెప్పుడూ అడగలేదు."

ధీరెన్ తండ్రి చేతిలోంచి ఆ ముక్క తీసుకుని, మిగతావాటితో కలిపి, నలగకుండా సంచీలో సర్దడం మొదలుపెట్టాడు.